ఉద్యోగం చేస్తూ ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్‌లో పీజీ: డిగ్రీనా సర్టిఫికెట్టా, లెక్కలు ఎంత, ప్రాజెక్ట్ ఏది?

రియాక్టర్_బ్లాక్:

అందరికీ నమస్కారం. పాశమైలారంలో బల్క్ డ్రగ్ యూనిట్‌లో ప్రొడక్షన్ మేనేజర్‌ని. చదివింది బీటెక్ కెమికల్. ప్లాంట్ హెడ్ పోస్టుకి ఎక్కడ అడిగినా "పీజీ ఉందా?" అంటున్నారు. అందుకే ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ చదువుదామనుకుంటున్నా. ఆదివారం మొత్తం, మిగతా రోజుల్లో రాత్రి ఓ గంట దొరుకుతుంది. ఆడిట్ ఉన్న నెలల్లో అదీ ఉండదు.

నా సందేహాలు:
1. డిస్టెన్స్ ఎంబీఏ మంచిదా, పెద్ద సంస్థలు ఇచ్చే ఆన్‌లైన్ ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రామ్ మంచిదా?
2. లెక్కలు వదిలేసి చాలా ఏళ్లయింది. ఈ సబ్జెక్టుకి ఎంత లెక్కలు కావాలి?
3. ప్రాజెక్ట్ మా ప్లాంట్‌లోనే చేయొచ్చా? జీఎంపీలో (మందుల తయారీ నాణ్యతా నియమాల్లో) ఒక వాల్వ్ మార్చాలన్నా చేంజ్ కంట్రోల్ (మార్పుకి ముందస్తు రాతపూర్వక ఆమోదం) వేయాలి.

ప్లానింగ్_డెస్క్:

మొదటిదానికి నేను చెప్తాను.

6 నుంచి 12 నెలల ఆన్‌లైన్ ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రామ్‌లు చాలావరకు సర్టిఫికెట్లే. లోగో ఎంత పెద్దదైనా హెచ్ఆర్ ఫారంలో "పీజీ డిగ్రీ" గడిలో అవి రాయడానికి లేదు. ఐఐఎంలకు డిగ్రీలిచ్చే అధికారం 2017 చట్టం వల్ల వచ్చింది, అది 2018 జనవరి 31 నుంచి అమల్లో ఉంది. అంతమాత్రాన ఐఐఎం ఇచ్చే ప్రతి కాగితమూ డిగ్రీ అయిపోదు. బ్రోచర్‌లో ఫొటోలు, జీతాల గ్రాఫులు వదిలేసి, చివర్లో చిన్న అక్షరాల్లో ఏం ప్రదానం చేస్తారో చదవండి. "ఎంబీఏ డిగ్రీ" అని ఉంటే ఒక దారి, "సర్టిఫికెట్ ఆఫ్ కంప్లీషన్" అని ఉంటే ఇంకో దారి. అర్థం కాకపోతే ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో కౌన్సెలర్ చెప్పేది లెక్కలోకి తీసుకోవద్దు, వాళ్లకి అడ్మిషన్ టార్గెట్లు ఉంటాయి.

డిస్టెన్స్, ఆన్‌లైన్ డిగ్రీల మీద ఇంకా చిన్నచూపు ఉంది గానీ, యూజీసీ 2020 నిబంధనల ప్రకారం గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమే. మెలిక ఎక్కడంటే, గుర్తింపు యూనివర్సిటీకి ఉంటే సరిపోదు. మీరు చేరే సంవత్సరానికి, మీరు చేరే ఆ ప్రోగ్రామ్‌కి అనుమతి ఉండాలి. యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో సైట్‌లో జాబితా ఉంటుంది. ఇప్పుడు చేరే ముందు అక్కడే డెబ్ ఐడీ (ఆ బ్యూరో ఇచ్చే విద్యార్థి నంబరు) తీసుకోవాలి, దానికి ఏబీసీ ఐడీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా నంబరు) కావాలి. ఆధార్‌లో పేరు, డిగ్రీ సర్టిఫికెట్‌లో పేరు తేడాగా ఉంటే ముందే సరిచేయించుకోండి. ఇంటిపేరు ముందుందా వెనకుందా అన్న దగ్గరే మనవాళ్లు చాలామంది ఆగిపోతారు.

మీ పరిస్థితికి ఇగ్నో ఎంబీఏ సరిపోతుంది. ఆపరేషన్స్ స్పెషలైజేషన్ ఉంది, ఫీజు తక్కువ, హైదరాబాద్‌లో రీజినల్ సెంటర్ ఉంది. అసైన్‌మెంట్లకు 30 శాతం, టర్మ్ ఎండ్ పరీక్షకు 70 శాతం. పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో. మునిగేది పరీక్షల్లో కాదు, అసైన్‌మెంట్ల గడువులో. అది దాటితే ఆ సబ్జెక్టు పరీక్ష తర్వాతి సెషన్‌కి పోతుంది, దానితో పాటు మీ డిగ్రీ ఆర్నెల్లు వెనక్కి జరుగుతుంది. మీ ఆడిట్ క్యాలెండర్ దగ్గర పెట్టుకుని, జూన్‌లో ఎన్ని పేపర్లు, డిసెంబర్‌లో ఎన్ని అన్నది ఇప్పుడే పంచుకోండి.

ఉస్మానియాలో ఐసెట్ ద్వారా సాయంత్రం ఎంబీఏ ఉంది, ఉద్యోగుల కోసమే. కానీ పాశమైలారంలో డ్యూటీ దిగి సాయంత్రం క్యాంపస్‌కి చేరడం మీ వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. ఆపరేషన్స్‌కే పేరుపడ్డ చోటు కావాలంటే ముంబై పొవాయ్‌లోని నీటీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్). 1963లో మొదలై, 2023లో ఐఐఎం ముంబై అయింది. ఉద్యోగుల కోర్సుకి ఎన్నిసార్లు ముంబై వెళ్లాలో కనుక్కున్నాకే దాని సంగతి ఆలోచించండి.

ఫీజు కట్టే ముందు ఎన్‌పీటెల్‌లో (ఐఐటీలు, ఐఐఎస్సీ నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక) 12 వారాల ఆపరేషన్స్ కోర్సు ఒకటి చేసి చూడండి. చూడటం ఉచితం. వారం వారం అసైన్‌మెంట్ ఉంటుంది. 12 వారాలు వరసగా ఇవ్వగలిగితే రెండేళ్లు నెట్టుకొస్తారు. నాలుగో వారంలోనే ఆగిపోతే ఫీజు డబ్బు మిగిలినట్టు.

స్టోర్స్_ఖాతా:

లెక్కల గురించి. కాలిక్యులస్ అక్కర్లేదు. సగటు, స్టాండర్డ్ డీవియేషన్, నార్మల్ పట్టిక చూడటం, వర్గమూలం, రెండు చలరాశుల సమీకరణాలు. ఇవి వస్తే పీజీ స్థాయి ఆపరేషన్స్‌లో నూటికి ఎనభై పాళ్లు గట్టెక్కుతారు. మిగతాది లీనియర్ ప్రోగ్రామింగ్ (ఉన్న పరిమితుల్లో లాభం గరిష్ఠం చేసే లెక్క), అది ఎక్సెల్ సాల్వర్ చేసిపెడుతుంది.

అందరూ తప్పు చేసేది సేఫ్టీ స్టాక్ (సరుకు అయిపోకుండా అదనంగా ఉంచే నిల్వ) దగ్గర, కాబట్టి అది ఒక్కటి పూర్తిగా చూద్దాం. ఒక ముడి సరుకు రోజుకి సగటున 40 కిలోలు వాడతారు, స్టాండర్డ్ డీవియేషన్ 12. సరుకు రావడానికి సగటున 9 రోజులు.

చాలామంది 12ని 9తో గుణించి 108 అంటారు. తప్పు. ఒకరోజు ఎక్కువ వాడితే ఇంకోరోజు తక్కువ వాడతారు, కొంత కొట్టుకుపోతుంది. కాబట్టి రోజుల వర్గమూలంతో గుణించాలి: 12 × 3 = 36. 95 శాతం సర్వీస్ లెవెల్‌కి (నూటికి 95 సార్లు సరుకు అయిపోకుండా ఉండటానికి) నార్మల్ పట్టికలో జెడ్ విలువ 1.65, దాంతో గుణిస్తే సేఫ్టీ స్టాక్ సుమారు 59 కిలోలు.

పుస్తకం చదివినవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. ప్లాంట్‌లో సప్లయర్ 9 రోజులన్నది ఒకసారి 7, ఒకసారి 12 అవుతుంది. ఆ లీడ్ టైమ్ స్టాండర్డ్ డీవియేషన్ 2 రోజులు అనుకోండి. అప్పుడు వర్గమూలం లోపల రెండు భాగాలు: 9 × 144 = 1296, దానికి 40 వర్గం × 2 వర్గం = 6400 కలపాలి. మొత్తం 7696, వర్గమూలం 87.7. సేఫ్టీ స్టాక్ 145 కిలోలు. రీఆర్డర్ పాయింట్ (నిల్వ ఎంతకి దిగితే ఆర్డర్ పెట్టాలో అది) 40 × 9 = 360, దానికి 145 కలిపితే 505.

59 ఎక్కడ, 145 ఎక్కడ! 7696లో 6400 సప్లయర్ నిలకడలేనితనం నుంచే వచ్చింది. మీరు వాడకాన్ని ఎంత బాగా అంచనా వేసినా తగ్గేది ఆ 1296లోనే. అంటే ఫోర్‌కాస్ట్ సాఫ్ట్‌వేర్ కొనేకంటే పర్చేజ్ వాళ్లని లారీ ఆలస్యాల మీద కూర్చోబెట్టడం మేలు. ఇలాంటిది చూపించగలిగితే ఇంటర్వ్యూలో డిగ్రీ ఎక్కడిదని ఎవరూ పట్టించుకోరు.

ఈఓక్యూ (మొత్తం ఖర్చు అన్నిటికంటే తక్కువయ్యే ఆర్డర్ పరిమాణం) మీద మాత్రం అంత కష్టపడొద్దు. ఏడాదికి 24,000 కిలోలు, ఆర్డర్‌కి 3,000 రూపాయల ఖర్చు, కిలో ఏడాది నిల్వకి 10 రూపాయలు అయితే జవాబు 3,795 కిలోలు. దానికి ఒకటిన్నర రెట్లు తెప్పించినా ఆర్డర్, నిల్వ ఖర్చు కలిపి 8 శాతమే పెరుగుతుంది. డ్రమ్ములకో ట్యాంకర్‌కో సరిపెట్టేయండి. సాల్వెంట్ అయితే పెసో (పేలుడు, మండే పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్స్‌లో రాసిన నిల్వ పరిమితే అసలు హద్దు, ఫార్ములా తర్వాత.

సాల్వర్ గురించి రెండు ముక్కలు. ఫైల్, ఆప్షన్స్, యాడ్-ఇన్స్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేయాలి. పద్ధతి "సింప్లెక్స్ ఎల్పీ" పెట్టండి, అలాగే వదిలేస్తే జీఆర్జీ (నాన్‌లీనియర్ పద్ధతి) మీద ఉంటుంది, అప్పుడు సెన్సిటివిటీ రిపోర్ట్ వేరే రకంగా వస్తుంది. మార్కులు జవాబుకి కాదు, ఆ రిపోర్ట్‌లో షాడో ప్రైస్ చదవడానికి. డ్రయ్యర్‌లో ఇంకో గంట దొరికితే లాభం ఎంత పెరుగుతుందో అది చెప్తుంది. వేరియబుల్‌ని పూర్ణాంకం అని కట్టేస్తే ఆ రిపోర్ట్ రాదు, కంగారుపడొద్దు.

రియాక్టర్_బ్లాక్:

ఇద్దరికీ ధన్యవాదాలు. సప్లయర్ లెక్క మా యూనిట్‌కి అచ్చంగా సరిపోతుంది.

ఇంకో సందేహం. క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్‌లో ఒక హెచ్‌పీఎల్‌సీ (శాంపిల్‌లోని పదార్థాలను విడదీసి కొలిచే మెషీన్) మా పెద్ద ప్రోడక్ట్‌కే కేటాయించారు. వారానికి 8 బ్యాచ్‌లు, ఒక్కో బ్యాచ్ సీక్వెన్స్ (వరస ఇంజెక్షన్ల పరీక్ష) 18 గంటలు. మెషీన్ రాత్రీ పగలూ నడుస్తుంది. క్యూసీ వాళ్లు "వారంలో 24 గంటలు ఖాళీగానే ఉంది, కెపాసిటీ సమస్య కాదు" అంటారు. రిజల్ట్ మాత్రం 9, 10 రోజులకి వస్తుంది. ఎవరి మాట నిజం?

క్యూ_లైన్:

ఇద్దరిదీ నిజమే. సబ్జెక్టుకి గుండెకాయ ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

వారానికి 168 గంటలు, పని 8 × 18 = 144 గంటలు. వినియోగం 85.7 శాతం. క్యూలో నిరీక్షణకి 1961లో కింగ్‌మన్ ఇచ్చిన ఉజ్జాయింపు సూత్రం ఉంది. మూడు ముక్కల గుణకారం: ఒడిదుడుకుల గుణకం × (వినియోగం ÷ ఖాళీ) × ఒక్కో పనికి పట్టే సమయం.

మధ్య ముక్క మీ కేసులో 144 ÷ 24 = 6. సమయం 18 గంటలు. శాంపిళ్లు ఓ మోస్తరు అడ్డదిడ్డంగా వస్తే గుణకం 1, నిరీక్షణ 108 గంటలు, అంటే నాలుగున్నర రోజులు. గుణకం 2 అయితే 216 గంటలు, 9 రోజులు. దానికి పరీక్ష సమయం 18 గంటలు కలపండి. మీరు చెప్పిన 9, 10 రోజులు అక్కడికక్కడ సరిపోయింది.

అంటే మీ గుణకం 2 దగ్గర ఉంది. ఆ గుణకం ఎలా కట్టాలంటే: శాంపిల్‌కీ శాంపిల్‌కీ మధ్య వ్యవధుల స్టాండర్డ్ డీవియేషన్‌ని వాటి సగటుతో భాగించి వర్గం చేయండి. పరీక్ష సమయాలకీ అలాగే చేయండి. రెండూ కలిపి సగం. శాంపిల్ రిజిస్టర్‌లో రసీదు సమయం ఉంటుంది కదా, 60 ఎంట్రీలు చాలు. తేదీ కాదు, గంట కావాలి.

ఆ తర్వాత సరిచూసుకోవడానికి లిటిల్ సూత్రం. జాన్ లిటిల్ దీనికి 1961లోనే నిరూపణ ఇచ్చారు: లోపల ఉన్నవి = వచ్చే వేగం × లోపల గడిపే సమయం. వారానికి 8, గడిపేది సుమారు 9.75 రోజులు అంటే 1.39 వారాలు. ఏ పూట చూసినా ర్యాక్‌లో, మెషీన్ మీద కలిపి సగటున 11 శాంపిళ్లు ఉండాలి. వెళ్లి లెక్కపెట్టండి. నాలుగే కనిపిస్తే సమస్య మెషీన్ దగ్గర కాదు, రివ్యూ టేబుల్ మీద కాగితాల దగ్గర ఉంది. ఈ తేడా పట్టుకోకుండా కొత్త హెచ్‌పీఎల్‌సీకి ఇండెంట్ పెడితే డబ్బు దండగ.

ఇక తగ్గించడం. గుణకం ముందు చూడండి, దానికి పైసా ఖర్చు లేదు. శాంపిళ్లు గుంపుగా ఎందుకు వస్తున్నాయి? చాలా యూనిట్లలో రాత్రి షిఫ్ట్‌లో డ్రయ్యర్ అన్‌లోడ్ అయినవన్నీ పొద్దున జనరల్ షిఫ్ట్ కెమిస్ట్ వచ్చాక ఒకేసారి ఇంటిమేషన్ (శాంపిల్ తీసుకోమని క్యూసీకి ఇచ్చే చీటీ) రాస్తారు. ఆదివారంవి సోమవారం. శాంపిళ్లు రాని పూట మెషీన్ ఖాళీ, తర్వాత పొద్దున నాలుగు శాంపిళ్లు ఒక్కసారిగా. క్యూసీ వాళ్ల "24 గంటల ఖాళీ" అదే. ఇంటిమేషన్ ఏ షిఫ్ట్‌ది ఆ షిఫ్ట్‌లో వెళ్తే చాలు. గుణకం 2 నుంచి 1కి వస్తే నాలుగున్నర రోజులు మిగులుతాయి.

రెండోది సమయం. 18 గంటల్లో సిస్టమ్ సూటబిలిటీ (మెషీన్ సరిగ్గా పనిచేస్తోందో ముందు చూసే పరీక్ష), స్టాండర్డ్ ఇంజెక్షన్లకి 6 గంటలు పోతుందనుకుందాం. మెథడ్, ఎస్ఓపీ ఒప్పుకుంటే రెండు బ్యాచ్‌లు ఒకే సీక్వెన్స్‌లో పెడితే 6 + 12 + 12 = 30 గంటలు, బ్యాచ్‌కి 15. వారానికి పని 120 గంటలు, ఖాళీ 48. మధ్య ముక్క 6 నుంచి 2.5కి పడిపోయింది. 18 గంటల్లో 3 గంటలు తగ్గితే క్యూ సగానికి పైగా తగ్గడం అన్నది సగటుల లెక్కలో కనిపించదు. జత కోసం ఆగే సమయం మాత్రం కొంత కలుస్తుంది. ఓఓఎస్ (పరిమితి దాటిన రిజల్ట్) వస్తే ఆ గుణకం మళ్లీ పెరుగుతుంది, దాన్ని వేరుగా రాసుకోండి.

ఈ సూత్రం ఒక మెషీన్‌కి, ఒక క్యూకి. ఏ శాంపిల్ ఏ మెషీన్ మీదైనా పెట్టగలిగే ల్యాబ్‌కి ఇది నిరీక్షణని ఎక్కువ చేసి చూపిస్తుంది.

ప్లానింగ్_డెస్క్:

మూడో ప్రశ్నకి జవాబు దొరికేసింది కదండీ. ఇదే ప్రాజెక్ట్. వాలిడేషన్ (పద్ధతి సరిగ్గా పనిచేస్తుందని నిరూపించి రికార్డు చేయడం) జోలికి పోనిది, రిజిస్టర్‌లో డేటా ఉన్నది.

లైన్_క్లియరెన్స్:

క్యూసీ టాపిక్ మంచిదే, కానీ ప్రొడక్షన్ మేనేజర్‌కి ఇంకో డిపార్ట్‌మెంట్ డేటా మీద ప్రాజెక్ట్ కట్టడం చెప్పినంత తేలిక కాదు. మధ్యలో క్యూసీ హెడ్ "మా రిజిస్టర్ ఇవ్వం" అంటే సినాప్సిస్ (ప్రాజెక్ట్ ప్రతిపాదన) నుంచి మళ్లీ మొదలు. మీ చేతిలో ఉన్నది ప్రోడక్ట్ చేంజోవర్ (ఒక ప్రోడక్ట్ నుంచి ఇంకోదానికి పరికరాలు మార్చడం). నేనైతే అది తీసుకోమంటాను.

మల్టీ ప్రోడక్ట్ బ్లాక్‌లో చేంజోవర్ అంటే: చివరి బ్యాచ్ అన్‌లోడ్, పైపులు గాస్కెట్లు విప్పడం, కడగడం, కంటితో చూడటం, స్వాబ్ తీయడం (పాత ప్రోడక్ట్ మిగిలిందేమోనని తుడిచి శాంపిల్ తీయడం), ల్యాబ్ రిజల్ట్, మళ్లీ బిగించడం, క్యూఏ లైన్ క్లియరెన్స్ (నాణ్యత హామీ విభాగం చూసి అనుమతి ఇవ్వడం), కొత్త బీఎంఆర్ (బ్యాచ్ తయారీ రికార్డు) ఇష్యూ. జపాన్ ఇంజనీర్ షిగేయో షింగో పద్ధతిలో ప్రతి పనినీ రెండు రాశులు చేయాలి: పరికరం ఆగితేనే అయ్యేవి, నడుస్తుండగానే చేసి పెట్టుకోగలిగేవి.

కడగడం, స్వాబ్ మొదటి రాశి. వాటిని తాకొద్దు, క్లీనింగ్ ప్రొసీజర్ వాలిడేట్ చేసినది. గాస్కెట్ సెట్లు, స్వాబ్ కిట్, లేబుళ్లు, బీఎంఆర్ ఇష్యూ, ల్యాబ్‌లో ఆ పూటకి స్లాట్ మాట్లాడుకోవడం, ఇవన్నీ రెండో రాశి. పరికరం ఆగాక గాస్కెట్ కోసం స్టోర్స్‌కి ఇండెంట్ రాయడం చూస్తే చాలు, గంటలు ఎక్కడ పోతున్నాయో తెలిసిపోతుంది.

కొలిచేటప్పుడు మొదలు, ముగింపు ముందే రాసిపెట్టుకోండి: పాత ప్రోడక్ట్ చివరి అన్‌లోడ్ పూర్తి నుంచి కొత్త ప్రోడక్ట్ మొదటి చార్జింగ్ దాకా. ఇది తేల్చకపోతే వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. ముందు 10 చేంజోవర్లు, తర్వాత 10 అయినా ఉండాలి. నెలకి రెండే జరిగే బ్లాక్ అయితే ఈ టాపిక్ వదిలేసి క్యూసీదే తీసుకోండి, గడువులోగా డేటా రాదు.

ఇంకో జాగ్రత్త. ఆ బ్లాక్‌లో బాటిల్‌నెక్ (మొత్తం పనిని ఆపే నెమ్మదైన పరికరం) ఏదో ముందు చూడండి. రియాక్టర్ 14 గంటలు, సెంట్రిఫ్యూజ్ 6, డ్రయ్యర్ 20 అనుకుంటే, రియాక్టర్ చేంజోవర్ ఎంత తగ్గించినా బయటికి వచ్చే బ్యాచ్‌లు ఒక్కటీ పెరగవు. తడి కేక్ డ్రయ్యర్ ముందు ఎదురుచూస్తుంది, అంతే. చాలా రిపోర్టులు ఇక్కడే తేలిపోతాయి: "40 శాతం సమయం ఆదా" అని రాస్తారు, ఉత్పత్తి ఎంత పెరిగిందంటే జవాబు ఉండదు.

రియాక్టర్_బ్లాక్:

మా బ్లాక్‌లో నెలకి ఐదారు చేంజోవర్లు ఉంటాయి, బాటిల్‌నెక్ డ్రయ్యరే. కాబట్టి డ్రయ్యర్ చేంజోవర్ తీసుకుంటా. డేటా బయటికి ఇవ్వడానికి మేనేజ్‌మెంట్ ఒప్పుకుంటుందా అన్నదే భయం.

లైన్_క్లియరెన్స్:

ముందు ఒక పేజీ రాసి సైట్ హెడ్‌కి ఇవ్వండి: ఏ డేటా, ఏ కాలానిది, రిపోర్ట్ ఎవరు చదువుతారు, ఏవి దాచిపెడతారు. దాని మీద సంతకం తీసుకున్నాకే సినాప్సిస్ పంపండి, సినాప్సిస్‌కి ఆమోదం వచ్చాకే డేటా పని మొదలుపెట్టండి. ఈ వరస తప్పితే చేసిన పని మళ్లీ చేయాలి.

దాచడానికి పద్ధతులున్నాయి. ప్రోడక్ట్ పేర్ల బదులు పి1, పి2. పరిమాణాలన్నిటినీ ఒకే సంఖ్యతో, ఉదాహరణకి 0.73తో, గుణించండి. నిష్పత్తులు, శాతాలు చెక్కుచెదరవు. తేదీలన్నీ ఒకేలా జరపండి, కానీ 7 గుణిజాల్లోనే, 91 రోజులో 182 రోజులో. లేకపోతే ఆదివారం గురువారమైపోయి, వారాంతపు ఆలస్యాలు కనిపించకుండా పోతాయి. గంటల్ని మాత్రం దేనితోనూ గుణించొద్దు, అవి మారిస్తే షిఫ్ట్‌ల లెక్క కుదరదు, గైడ్ వెంటనే పట్టేస్తారు. బీఎంఆర్ ఫొటోలు, స్కాన్‌లు అనుబంధంలో అసలు పెట్టొద్దు. సమయాలు చేత్తో ఎక్సెల్‌లోకి ఎత్తి రాసుకోండి. గుణకం విలువ, జరిపిన రోజుల సంఖ్య రిపోర్ట్‌లో రాయకుండా, డేటా మార్చి ఇచ్చామని మాత్రం మెథడాలజీలో ఒక వాక్యం పెట్టండి.